రాకెట్ ఇంజినీరుగా ముప్ఫై ఏళ్లు: ఉద్యోగంలో చేరిన తరవాత దారి ఎలా ఉంటుంది?

ఏడుకొండల నీడలో (తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రయోగం ఉన్న రోజు మబ్బు లేకపోతే మా హాస్టల్ మేడ మీద నుంచే తూర్పున లేచే పొగ గీత కనిపిస్తుంది. ప్రతి ప్రయోగానికీ ముందు ఇస్రో అధికారులు రాకెట్ నమూనాతో తిరుమలకు వచ్చి స్వామివారిని దర్శించుకున్న వార్తలు చదువుతూ పెరిగినవాణ్ణి.

ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. చేరిన మరునాటి నుంచి ఏం జరుగుతుందో చెప్పేవారు మాత్రం నాకు కనిపించలేదు. మొదటి అయిదేళ్లు ఏ పని ఇస్తారు? ఒక మనిషిని సీనియర్ రాకెట్ ఇంజినీరు అని ఎప్పటి నుంచి అంటారు? పైకి వెళ్లేకొద్దీ చేతిలో పని పోయి ఫైళ్లు మాత్రమే మిగులుతాయా? చిత్తూరులో డిప్లొమా చదువుతున్న నా స్నేహితుడికి ఈ దారి మూసుకుపోయినట్లేనా? అనుభవం ఉన్న పెద్దలు దయచేసి వివరంగా చెప్పగలరు.

పులికాట్ గట్టు (సూళ్లూరుపేట)

బాబూ, నేను శ్రీహరికోటలో ఘన ఇంధన విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. నాకు తెలిసినంత వరకు చెబుతాను, మిగతా విభాగాల వారు పూరిస్తారు.

రాకెట్ ఇంజినీరు అనేది ఒకే ఉద్యోగం కాదని ముందుగా గ్రహించాలి. వాహన (అంటే రాకెట్) రూపకల్పన ప్రధానంగా తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రంలో జరుగుతుంది. ద్రవ ఇంధన ఇంజిన్లు వలియమలలోని కేంద్రంలో రూపుదిద్దుకుని మహేంద్రగిరిలో పరీక్షకు నిలబడతాయి. శ్రీహరికోటలో భారీ ఘన మోటార్లలో ఇంధనం పోతపోస్తాము, అన్ని చోట్ల నుంచి వచ్చిన భాగాలను కూర్చి వాహనాన్ని ఎగరవేస్తాము. మొదటి పోస్టింగు ఎక్కడ పడిందో, ఏ విభాగంలో పడిందో అన్నదాన్ని బట్టే చాలామందికి తరవాతి ఇరవై ఏళ్ల దిశ ఏర్పడుతుంది.

చేరగానే ఎవరికీ రాకెట్ అప్పజెప్పరు, అందులో ఒక చిన్న భాగం అప్పజెబుతారు. నా విషయంలో అది పోత. అమ్మోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, వీటిని పట్టి ఉంచే హెచ్‌టీపీబీ అనే రబ్బరు పదార్థం, ఈ మూడూ ప్రధాన ద్రవ్యాలు. పెర్‌క్లోరేట్ తేమను పీల్చుకుంటుంది. ఒక పక్క పులికాట్ సరస్సు, మరో పక్క బంగాళాఖాతం ఉన్న దీవిలో గాలికి తేమ కొదవ ఉండదు కనుక, డ్రమ్ము మూత తెరిచే ముందే గదిలోని తేమ శాతాన్ని చూసి రాయాలి. గట్టిపడేందుకు వేసే పదార్థం కలిపిన క్షణం నుంచి ఆ మిశ్రమం దోసె పిండి చిక్కబడినట్లు చిక్కబడుతూ పోతుంది. అది బాగా బిగిసేలోపు, గాలి బుడగ చిక్కకుండా శూన్యంలో పోత ముగియాలి. తరవాత రోజుల తరబడి వేడిలో ఉంచి, నడుమ నిలిపిన అచ్చును బయటికి తీసి, ఎక్స్‌రే పరీక్షకు పంపుతాము. మన భారీ రాకెట్ ఎల్‌వీఎం3కి రెండు పక్కలా ఉండే ఎస్200 మోటార్లలో ఒక్కొక్క దానిలో 200 టన్నులకు పైగా ఇంధనం ఉంటుందని, దాన్ని మూడు ఖండాలుగా పోస్తారని గుర్తుంచుకుంటే ఆ పని బరువు మీకు అర్థమవుతుంది.

కొత్తగా వచ్చిన ఇంజినీరు అసలు విద్య నేర్చేది ఆ ఎక్స్‌రే బల్ల దగ్గర. వెలుగు పెట్టె మీద పరిచిన ఫిల్ములో ఒక సన్నని గీత కనిపిస్తుంది. అది ఇంధనంలో పగులా, ఫిల్ము మీద పడిన గీతా, లోపలి పూతకూ ఇంధనానికీ మధ్య అతుకు విడిందా అని తేల్చాలి. పగులు ఉంటే మండే ఉపరితలం పెరిగి లోపలి పీడనం లెక్కకు మించి పెరుగుతుంది. అతుకు విడితే మంట సమయానికి ముందే గోడను చేరుతుంది. ద్రవ ఇంజిన్‌ను కావాలంటే ఆపవచ్చు, ఘన మోటారును ఒకసారి వెలిగించాక ఆపే మార్గం లేదు. అందువల్ల తీర్పు అంతా నేల మీద ఉన్నప్పుడే జరగాలి. మొదట్లో సీనియర్ పక్కన నిలబడి చూస్తారు, తరవాత మీ అభిప్రాయం ముందు చెప్పమంటారు, కొన్నేళ్లకు మీరు చెప్పిన మాట మీదనే ఖండం ముందుకు కదులుతుంది. నా దృష్టిలో, "ఈ భాగం ఎగరడానికి సిద్ధంగా ఉంది" అని సంతకం పెట్టే అర్హత, అంతకంటే ముఖ్యంగా "దీన్ని ఎగరనివ్వను" అని కారణాలతో సహా నిలబడి చెప్పగల జ్ఞానం వచ్చిన నాడే ఒక ఇంజినీరు సీనియర్ అవుతారు. హోదా అంతకు కాస్త ముందో వెనకో వస్తుంది.

హోదాల సంగతి అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను. బీటెక్‌తో చేరేవారిది సైంటిస్ట్/ఇంజినీర్-ఎస్‌సీ. అక్కడి నుంచి ఎస్‌డీ, ఎస్‌ఈ, ఎస్‌ఎఫ్, ఎస్‌జీ, ఆపైన ఇంకా ఉన్నత శ్రేణులు ఉంటాయి. పై కుర్చీ ఖాళీ అయితేనే పదోన్నతి అన్న పద్ధతి ఇక్కడ లేదు. నిర్ణీత కాలం నిండాక పనిని సమీక్షించి, కమిటీ ముందు ఇంటర్వ్యూ చేసి నిర్ణయిస్తారు. ఆ ఇంటర్వ్యూలో మీరు చేసిన పని గురించే అడుగుతారు, దాన్ని లోతుగా చేసినవారు భయపడవలసిన అవసరం లేదు.

పాలిటెక్నిక్ పూర్వ విద్యార్థి (చిత్తూరు)

తమ్ముడూ, మీ స్నేహితుడి ప్రశ్నకు జవాబు చెప్పవలసింది నేనే. నేను మెకానికల్ డిప్లొమాతో టెక్నికల్ అసిస్టెంటుగా చేరాను. డిప్లొమా వారికి ఆ ఉద్యోగం, ఐటీఐ వారికి టెక్నీషియన్-బి ఉద్యోగం, రెండింటికీ వేరువేరు ప్రకటనలు వస్తాయి. ఇంజినీర్ గీసిన డ్రాయింగు వస్తువుగా మారేది మా చేతుల్లోనే. బోల్టును ఎంత బిగువుతో తిప్పాలో కాగితం చెబుతుంది, బిగించేటప్పుడు చేతికి తెలిసే తేడాను గమనించి ఆగి చెప్పడం మా పని.

ఇక దారి మూసుకుపోయిందా అని అడిగితే, 2025 జనవరిలో ఇస్రో అధ్యక్ష బాధ్యతలు చేపట్టిన వి. నారాయణన్ గారి చరిత్ర చదవమని మీ స్నేహితుడికి చెప్పండి. కన్యాకుమారి జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన ఆయన మెకానికల్ డిప్లొమాతో జీవితం మొదలుపెట్టారు. 1984లో ఇస్రోలో చేరి తొలి ఏళ్లు ఘన ఇంధన రాకెట్ల మీద పనిచేశారు. ఉద్యోగం చేస్తూ చదవగల, ఇంజినీరింగ్ డిగ్రీకి సాటి అయిన ఏఎంఐఈ పూర్తి చేసి, 1989లో ఖరగ్‌పూర్ ఐఐటీ నుంచి క్రయోజెనిక్ (అతి శీతల) ఇంజినీరింగులో ఎంటెక్ పట్టా పొంది, 2001లో అక్కడే పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఎల్‌వీఎం3కి చెందిన సీ25 క్రయోజెనిక్ దశకు (దశ అంటే రాకెట్‌లో ఒక అంచె) ప్రాజెక్ట్ డైరెక్టరుగా పనిచేశారు, 2018లో ద్రవ చోదక వ్యవస్థల కేంద్రానికి సంచాలకులయ్యారు. చంద్రయాన్-3 ప్రాజెక్ట్ డైరెక్టర్ వీరముత్తువేల్ గారు కూడా మొదట డిప్లొమా చదివినవారే.

అందరికీ అంత ఎత్తు వస్తుందని నేను చెప్పను. ఉద్యోగం చేస్తూ చదవడం కష్టం, సెలవులు దొరకవు, ఇంట్లో వారి సహకారం కావాలి. అయినా దారి ఉంది, దానిలో నడిచినవారూ ఉన్నారు.

రాడార్ పక్క ఊరు (గాదంకి)

చర్చ అంతా ఇంజిన్ల చుట్టూ తిరుగుతున్నది కనుక ఒక మాట చేర్చుతాను. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి వద్ద అంతరిక్ష శాఖకు చెందిన జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి 53 మెగాహెర్ట్‌జ్ ఎంఎస్‌టీ రాడార్ పై పొరల్లో వీచే గాలుల్ని కొలుస్తుంది. రాకెట్ లేచిన తొలి నిమిషంలో ఎత్తును బట్టి గాలి దిశ, వేగం మారుతూ ఉంటాయి. వాటి తోపుడుకు వాహనం మీద పడే భారం తగ్గేలా, ప్రయోగానికి ముందు బెలూన్లతో గాలుల్ని కొలిచి, దాన్ని బట్టి వంపు తిరిగే క్రమాన్ని సరిచేస్తారు. భౌతికశాస్త్రం, వాతావరణశాస్త్రం చదివినవారికి కూడా ఈ రంగంలో చోటు ఉందని, అది తిరుపతికి కూతవేటు దూరంలోనే ఉందని మన విద్యార్థులకు తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

చిత్తూరు నుంచి మాదాపూర్ (హైదరాబాద్)

పెద్దల మాటలకు గౌరవం తెలుపుతూనే వేరే కోణం చెప్పాలనుకుంటున్నాను. నేను ఒక ప్రైవేటు అంతరిక్ష సంస్థలో పనిచేస్తున్నాను. ఇస్రోలో పనిచేసి బయటికి వచ్చిన ఇంజినీర్లు స్థాపించిన స్కైరూట్ సంస్థ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్‌ను, అగ్నికుల్ సంస్థ 2024 మే 30న ఒకే ముక్కగా త్రీడీ ప్రింటింగులో తయారైన ఇంజిన్‌తో తన రాకెట్‌ను ఎగరవేశాయి. రెండూ శ్రీహరికోట నుంచే లేచాయి. ఇటువంటి చోట్ల ఇరవై అయిదేళ్ల ఇంజినీరు రూపకల్పన, కొనుగోలు, పరీక్ష, విశ్లేషణ అన్నీ ఒకే ఏడాదిలో చూడగలుగుతారు. పోత గదిలో పదేళ్లు గడిపితేనే సీనియర్ అన్న కొలత ఈ కాలానికి సరిపోతుందా?

పులికాట్ గట్టు (సూళ్లూరుపేట)

మీ ప్రశ్న న్యాయమైనది. వేగంగా నేర్చుకోవడానికి చిన్న సంస్థలు మంచి చోటు అన్నదాంట్లో నాకు అభ్యంతరం లేదు, ఈ కొత్త రాకెట్లు మా తీరం నుంచి లేవడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. అయితే ఏళ్ల లెక్క ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో చెప్పనివ్వండి.

క్రయోజెనిక్ సాంకేతికతను రష్యా నుంచి బదిలీ చేసుకునే ఒప్పందం అమెరికా ఒత్తిడి వల్ల 1993లో నిలిచిపోయింది. మరుసటి ఏడాది మనమే సొంతంగా దశను తయారుచేసుకునే ప్రాజెక్టు మొదలైంది. మైనస్ 253 డిగ్రీల వద్ద ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల వద్ద ద్రవ ఆక్సిజన్, వాటిని నిమిషానికి వేల సార్లు తిరిగే పంపులతో తోడాలి. ఆ దశ 2010 ఏప్రిల్ 15న తొలిసారి ఎగిరి విఫలమైంది, హైడ్రోజన్ వైపు బూస్టర్ పంపు ఆగిపోయిందని విశ్లేషణలో తేలింది. తిరిగి 2013 ఆగస్టు 19న ఆ దశతో జీఎస్‌ఎల్‌వీ-డీ5 రాకెట్ ప్రయోగ వేదిక మీద నిలిచింది. లేవడానికి గంటా పధ్నాలుగు నిమిషాలు ఉందనగా రెండో దశలో ఇంధనం కారుతున్నట్లు కనిపించింది, కౌంట్‌డౌన్ ఆపేశారు. దేశమంతా టీవీల ముందు కూర్చుని ఉంది, అప్పటికే ఒకసారి ఓడిన ఇంజిన్, అయినా ఆపారు. వాహనాన్ని వెనక్కి తీసుకువెళ్లి, ట్యాంకు లోహం మార్చిన కొత్త రెండో దశను అమర్చి, 2014 జనవరి 5న ఎగరవేస్తే మన క్రయోజెనిక్ దశ విజయం సాధించింది. 1994లో పాతికేళ్ల వయసులో ఆ ప్రాజెక్టులో చేరిన ఇంజినీరుకు ఆ రోజున దాదాపు నలభై అయిదేళ్లు వచ్చి ఉంటాయి. మధ్యలో ఆ మనిషి నేర్చుకున్నదాన్ని ఏ సంస్థా ఏడాదిలో నేర్పలేదు, ఎందుకంటే ఆ పాఠాలు వైఫల్యాలు జరిగిన వేగంతోనే వస్తాయి.

వైఫల్య విశ్లేషణ కమిటీలో పనిచేసే అవకాశం వస్తే ఏ యువ ఇంజినీరూ వదులుకోకూడదని నేను ఎప్పుడూ చెబుతాను. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 పడిపోవడానికి రెండో దశ నియంత్రణ వ్యవస్థలోని వాల్వు దగ్గర ఆమ్లం కారిపోవడం కారణం. 1993 సెప్టెంబర్ 20న తొలి పీఎస్‌ఎల్‌వీ దాదాపు అన్ని దశలూ సక్రమంగా మండినా, దశలు విడిపోయేటప్పుడు కలిగిన కుదుపూ, నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లోని లోపమూ కలిసి దాన్ని సముద్రంలో పడవేశాయి. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 క్రయోజెనిక్ దశ వెలగకపోవడానికి హైడ్రోజన్ ట్యాంకు మీది వాల్వులో లీకేజీ వల్ల పీడనం తగ్గడం మూలం. నలభై రెండేళ్ల ఎడంలో మళ్లీ వాల్వే, మళ్లీ లీకేజీయే. వాల్వు సీటు (వాల్వు మూసుకున్నప్పుడు మూత ఆనే చోటు) మీద జీవితం వెచ్చించిన ఇంజినీరును తక్కువగా చూడవద్దని నేను అనేది ఇందుకే.

చిత్తూరు నుంచి మాదాపూర్ (హైదరాబాద్)

అంగీకరిస్తున్నాను సార్. మా సంస్థలో కూడా పరీక్షకు ముందు చివరి మాట అడిగేది ఇస్రోలో పాతికేళ్లు పనిచేసి వచ్చిన పెద్దాయన్నే. వేగం మాది, ఆపే అనుభవం ఆయనది, రెండూ ఒకే గదిలో ఉండటం వల్లనే మా పని సాగుతోంది.

ఒక తల్లి (శ్రీకాళహస్తి)

నమస్కారమండీ. మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది, శ్రీహరికోటే లోకం అంటోంది. రాత్రి డ్యూటీలు, బదిలీలు, పెళ్లయ్యాక సంసారం, ఇవన్నీ తలచుకుంటే నాకు భయంగా ఉంది. ఆడపిల్లలు ఇందులో చివరిదాకా నిలబడగలరా? ఉన్నవారు ఎవరైనా నిజం చెప్పండి.

ఏవియానిక్స్ అక్క (తిరుపతి)

అమ్మా, నేను ఈ రంగంలోనే ఉన్నాను, ఇద్దరు పిల్లల తల్లిని. మీ భయం సహజమే కనుక కష్టాన్ని దాచకుండా చెబుతాను. ప్రయోగ సన్నాహం మొదలైతే వారాల తరబడి పరీక్షలు ఉంటాయి. కౌంట్‌డౌన్ సమయంలో షిఫ్టులు రాత్రీ పగలూ నడుస్తాయి. పిల్లలకు జ్వరం వచ్చిన రోజున కన్సోల్ ముందు కూర్చోవలసి రావచ్చు. మా అత్తగారు ఇల్లు చూసుకోవడం వల్లనే నేను నిలబడగలిగాను, ఆ తోడు లేనివారికి ఇది చాలా బరువవుతుంది. మరో పక్క కుటుంబాలకు కాలనీ, బడి, ఆసుపత్రి అందుబాటులో ఉంటాయి, సాధారణ రోజుల్లో పని వేళలు ఒక క్రమంలో ఉంటాయి.

చివరిదాకా నిలబడినవారు ఉన్నారా అంటే మన చిత్తూరు జిల్లాకే చెందిన కల్పన కాళహస్తి గారిని చూడండి. 2000లో శ్రీహరికోటలో రాడార్ ఇంజినీరుగా చేరి, తరవాత బెంగళూరులోని ఉపగ్రహ కేంద్రానికి మారి, చంద్రయాన్-3కి అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టరుగా పనిచేశారు. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన తరవాత నియంత్రణ గదిలో మాట్లాడినవారిలో ఆమె ఒకరు. చంద్రయాన్-2కు ప్రాజెక్ట్ డైరెక్టరు ఎం. వనిత గారు. మీ అమ్మాయికి ఇష్టం ఉంటే ఆపవద్దని, చదువుతున్నప్పుడే సర్క్యూట్ బోర్డు చేతితో పట్టి పరీక్షించడం అలవాటు చేయమని నా మాటగా చెప్పండి.

ఏడుకొండల నీడలో (తిరుపతి)

అందరికీ కృతజ్ఞతలు. ఇంకో సందేహం మిగిలింది. ఎస్‌ఎఫ్, ఎస్‌జీ స్థాయికి వచ్చాక ప్రాజెక్టు నిర్వహణలోకి వెళ్లడం తప్పనిసరా, సాంకేతిక పనిలోనే ఉండిపోవచ్చా?

పులికాట్ గట్టు (సూళ్లూరుపేట)

రెండు దారులూ ఉన్నాయి. కొందరు ఉప ప్రాజెక్ట్ డైరెక్టర్, వెహికల్ డైరెక్టర్, మిషన్ డైరెక్టర్ వంటి బాధ్యతల వైపు వెళతారు. ఎస్. సోమనాథ్ గారు 1985లో తిరువనంతపురంలో చేరి, పీఎస్‌ఎల్‌వీ మీద పనిచేసి, తరవాత జీఎస్‌ఎల్‌వీ మార్క్-3కి (ఇప్పటి ఎల్‌వీఎం3) ప్రాజెక్ట్ డైరెక్టరై, రెండు కేంద్రాలకు సంచాలకులై, 2022లో అధ్యక్షులయ్యారు. ఇంకొందరు ఒకే విషయంలో నిపుణులుగా మిగిలిపోయి, ప్రతి సన్నద్ధతా సమీక్షలోనూ ప్రశ్నలు అడిగేవారుగా ఉంటారు. బయట వారి పేర్లు ఎవరికీ తెలియవు. ప్రయోగానికి అనుమతి ఇచ్చే బోర్డు ముందుకు ఏ భాగం గురించిన సందేహమైనా వెళితే మాత్రం పిలుపు వారికే వస్తుంది. నాకు ఈ రెండో దారిలోని వారంటే ఎక్కువ గౌరవం, బహుశా నేనూ ఆ కోవకు చెందినవాణ్ణి కావడం వల్ల కావచ్చు.

పాలిటెక్నిక్ పూర్వ విద్యార్థి (చిత్తూరు)

ప్రవేశం సంగతి కూడా ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. సైంటిస్ట్/ఇంజినీర్-ఎస్‌సీ పోస్టులకు ఇస్రో కేంద్రీయ నియామక మండలి ఇచ్చే ప్రకటనల్లో ఇంజినీరింగులో 65 శాతం, లేదా పదికి 6.84 సీజీపీఏ అడుగుతున్నారు. ప్రకటనను బట్టి రాత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఇంటర్ చదివే పిల్లలైతే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని అంతరిక్ష శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో చేరే మార్గం ఉంది. వయోపరిమితి, అర్హతలు మారుతూ ఉంటాయి కనుక ఆ ఏటి ప్రకటనను పూర్తిగా చదివాకే దరఖాస్తు చేయాలి.

ఏడుకొండల నీడలో (తిరుపతి)

పులికాట్ గట్టు గారూ, మీరు వాల్వుల గురించి రాసినది చదివాక నా చివరి ఏడాది ప్రాజెక్టును మార్చుకున్నాను. మా ప్రయోగశాలలో ఉన్న ఒక చిన్న రిలీఫ్ వాల్వును (పీడనం మించితే తెరుచుకునేది) నత్రజని వాయువుతో పరీక్షించి, అనేకసార్లు తెరిచి మూసిన తరవాత లీకేజీ ఎలా పెరుగుతుందో కొలవాలనుకుంటున్నాను. మా గురువుగారు ఒప్పుకున్నారు. ఏయే విషయాలు నమోదు చేయాలో చెప్పగలరా?

పులికాట్ గట్టు (సూళ్లూరుపేట)

మంచి ఎంపిక. ప్రతి పరీక్షలోనూ వాల్వు ఏ పీడనం వద్ద తెరుచుకుంది, ఏ పీడనం వద్ద తిరిగి మూసుకుంది అన్నవి రెండూ విడివిడిగా రాయండి, చాలామంది మొదటిది రాసి రెండోది వదిలేస్తారు. మూసుకున్న తరవాత ఎంత వ్యవధిలో పీడనం ఎంత పడిపోయిందో నమోదు చేయండి, ఆ సమయానికి గది ఉష్ణోగ్రత ఎంతో తప్పక రాయండి, లేకపోతే వాయువు చల్లబడి పీడనం తగ్గినా లీకేజీ అని పొరబడతారు. వాల్వును విప్పినప్పుడల్లా సీటును భూతద్దంతో చూసి, ఒకే కోణం నుంచి, ఒకే వెలుతురులో ఫోటో తీయండి. అధిక పీడనంతో పని కనుక కళ్లద్దాలు, కవచం లేకుండా, గురువుగారు పక్కన లేకుండా ఎన్నడూ సిలిండరు తెరవవద్దు. మొదటి పట్టిక సిద్ధమైతే ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.